మునగాకు కూర

పుప్పాలగూడ అపార్ట్‌మెంట్‌లో, అన్నం ముందు కూర్చున్న భార్యకు ఐదో నెల. భర్త ఆమె ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఈ మునగాకు, కింద గోడ పక్కనున్న చెట్టుదేనా?”

“అదే.”

“మన పాప పోయినాక, దాని బూడిద కలిపి నాటిన చెట్టది. ఎట్ల తింటావు?”

“బిడ్డ ఎముకలకు సున్నం కావాలని, ఆకుకూరలు తినమని డాక్టరమ్మ చెప్పింది కదా.”

“మార్కెట్లో దొరకవా?”

“దొరుకుతాయి. కానీ పాప ఎముకల్లోకి పోయింది నా ఒంట్లో సున్నమే. అది మట్టిలో కలిసింది, మట్టిలోంచి ఆకులోకి వచ్చింది.”

“నాకు భయమైతాంది.”

“నాకూ అయింది. కోసేటప్పుడు ఏడ్చినా. పుట్టబోయే బిడ్డకు అక్క ఇచ్చేది ఇంకేముంది, చెప్పు?”

అతను చెయ్యి తీసి, ఇంకో ప్లేటు తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“నాక్కూడా కొంచెం పెట్టు.”