ఎవారిస్తో ఔటా, కాదా?

హవానా పార్కులో బేస్‌బాల్ అభిమానులు రోజూ అరుచుకునే మూల ఆ ఉదయం మూగబోయింది. ఒకప్పటి శాంటియాగో ఆటగాడు ఎవారిస్తో పోయాడు. బల్ల మీద ఇద్దరు ముసలివాళ్లు మిగిలారు, ఒకరు హవానా జట్టు అభిమాని, ఒకరు శాంటియాగో జట్టు అభిమాని.

"కాఫీ చల్లారిపోతోంది బావా."

"మా శాంటియాగో వీరుడు పోతే కాఫీ ఎలా దిగుతుంది?"

"ఓ మాట చెప్పనా? అప్పటి మన రెండు జట్ల ఫైనల్లో మట్టిలో పొట్ట మీద జారుకుంటూ వచ్చి బేస్ ముట్టుకున్నాడే, చెయ్యే ముందు తగిలింది. బంతి తర్వాతే వచ్చింది."

"ఏంటీ?"

"ఔట్ కాదు. న్యాయంగానే మా హవానాని ఓడించారు."

"మా చెల్లిని పెళ్లాడేటప్పుడూ ఔటేనన్నావ్. ఆపరేషనయ్యి కళ్లు తెరవగానే ఔటేనన్నావ్. ఇప్పుడేమొచ్చింది?"

"పోయినవాడితో పోట్లాటేంటి బావా?"

"నోర్ముయ్! నువ్వు కూడా ఒప్పేసుకుంటే ఇంక రేపు అతని గురించి ఏం మాట్లాడుకుంటాం? ఔటని చెప్పు."

"బావా..."

"చెప్పవయ్యా, నీకు దండం పెడతా."

"ఔటే! చెయ్యి మూరెడు దూరంలో ఉండగానే ఔట్. ఆ అంపైర్‌కి కళ్లు లేవు."

"నీకే లేవు! ఇలా వంగు. అతని చెయ్యి ఎక్కడుందో నేల మీద గీసి చూపిస్తా."