గోడాదరా సైకిళ్లకు లెక్క కుదిర్చిన సదానందం గారు

1992 జూన్ పదిహేనున, ఎడతెగని వానలో, గొడుగు లేకపోయినా సర్టిఫికెట్ల కాగితాలను చొక్కా లోపల పదిలంగా దాచుకుని, నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీ సదానందం గారు సూరత్‌లోని మన నగరపాలక కార్యాలయంలో కొలతల గుమాస్తాగా చేరారు. సిరిసిల్ల నుంచి మరమగ్గాల, అక్కడి మాటలో సాంచాల, పనికి వలస వచ్చిన కుటుంబంలో ఆఫీసు మెట్లెక్కిన తొలి వ్యక్తి వారే.

తొలి పాతికేళ్లు వారు ఈ నగరపు రోడ్లను కాలినడకన కొలిచారు. టేపు పట్టుకున్న కూలీకి నీడ చూపించి, తాము ఎండలో నిలబడేవారు. అనంతరం సహాయాధికారిగా పదోన్నతి పొందిన వారికి నగర సైకిల్ అద్దె పథకం అప్పగించబడింది. ఖర్చెంత, ఎక్కేదెవరు అన్న రెండు ప్రశ్నలకు అంచనా వేయడం వారి బాధ్యత.

విద్యార్థుల విషయంలోనూ, సాయంత్రం డుమస్ తీరానికి వచ్చే వారి విషయంలోనూ వారి అంచనా నిజమైంది. కార్మికవాడ అయిన గోడాదరా విషయంలో తప్పింది. మగ్గాల కార్మికుల కోసం అక్కడి స్టాండులో పెట్టించిన ఇరవై సైకిళ్లను ముట్టినవారు లేరు. మగ్గాల గేటు దగ్గర మరో స్టాండు వేసి, మనిషికొక సైకిలు చొప్పున నూట ఇరవై సైకిళ్లు ఇవ్వాలన్న వారి ప్రతిపాదన, వ్యయం భరించలేమంటూ తిరిగి వచ్చింది. సోమవారం నాటికి ఆ ఇరవైని కూడా డుమస్‌కు తరలించాలన్న ఉత్తర్వు వెలువడింది. ఫైలులో "కూలీలు సైకిలెక్కరు" అని ఎవరో రాసిన వాక్యం మగ్గం కార్మికుడి కొడుకైన వారి మనసులో ముల్లై నిలిచింది.

శనివారం ఉదయం ఆరింటికి వారు గోడాదరాలో, చిన్ననాటి నుంచి ఎరిగిన, కార్మికులకు తిండీ పడకా ఇచ్చే వజ్రమ్మ గారి మెస్సుకు వెళ్లారు. పాళీకి, అంటే పగటి షిఫ్టుకు, బయలుదేరుతూ చాయ్ తాగుతున్న మగ్గం కార్మికుడు సాంబయ్యను సైకిలెందుకు ఎక్కవని అడిగారు.

"జర సోంచాయించుండ్రి సారూ! పోవుడు పావుగంట. సాంచాల కాడ పన్నెండు గంటలు నిలవడ్తది. నిలవడ్డదానికి గూడ కిరాయి నేనే కట్టాల్నా? ఆటో అయితే దింపి దాని తొవ్వ అది పోతది."

"అయినా మీ స్టాండు ఎనిమిదింటికి తెరుస్తరు," అని వజ్రమ్మ గారు అందుకున్నారు. "ఏడింటికే పాళీ మారుతదని గింత పెద్ద ఆఫీసర్‌వి, నీకు ఎరుకలేదా తమ్మీ? మీ నాయిన గూడ సాంచాలు నడిపిండు గదా!"

సాంబయ్య లేచిన మంచం మీద ఆమె అప్పుడే దుప్పటి దులుపుతున్నారు.

"రాత్రి పాళీ దిగి మల్లేష్ వస్తడు, పండుకుంటడు. ఇద్దరికీ ఒకటే మంచం. ఎన్నడన్న సల్లవడ్డదా ఇది?"

సదానందం గారు చాయ్ గ్లాసు కింద పెట్టేశారు. "వజ్రక్కా, మంచం ఒక్కటైతే సైకిల్ రెండెందుకే?"

"నన్నడుగుతవేంది? లెక్కలు రాసేటోడివి నువ్వు!"

వారికి లెక్క తట్టింది: సాంబయ్య తొక్కుకుంటూ వెళ్లి గేటు దగ్గర వదిలిన సైకిలుపైనే మల్లేష్ ఇంటికి రావచ్చు. సాయంత్రం మల్లేష్ తెచ్చినదానిపై సాంబయ్య తిరిగి రావచ్చు. నూట ఇరవై మందికి అరవై చాలు, అద్దె పావుగంటకే. వారు ఆ రోజే కొత్త అంచనా రాసి, మొదటి వాక్యంలోనే "పూర్వపు లెక్కలోని దోషం నాదే" అని సంతకం చేశారు. ఉన్న ఇరవై సైకిళ్లతోనే పరీక్షకు ఎనిమిది రోజుల గడువు అడిగి తెచ్చుకుని, ఆ ఎనిమిది రోజులూ ఆరింటికి తామే వెళ్లి తాళం తీశారు. గేటు దగ్గర సైకిళ్లు పెట్టడానికి తాత్కాలికంగా ఒక తాడు కట్టించారు. మూడో రోజు ఏడింటికి ఆ తాడు వద్ద దిగిన సాంబయ్య, సీటు తుడిచి మల్లేష్‌కు అందించాడు. తొమ్మిదో రోజు తరలింపు ఉత్తర్వు రద్దయింది.

నేడు గోడాదరా స్టాండు ఏ వేళలో నిండుతుందో, ఏ వేళలో ఖాళీ అవుతుందో అక్కడి టీ కొట్టువారికి కూడా తెలుసు. సదానందం గారి సతీమణి శ్రీమతి వినోద గారికి మాత్రం ఒక బాకీ మిగిలింది: "డుమస్‌కు నన్ను ఎన్నిసార్లు తీస్కపోయినా టేపు వెంట తెచ్చిండు!"

ఇకపై ఆ టేపు ఇంట్లోనే ఉండుగాక. ఆరింటికి తాళం తీసే పని మరొకరిది గనుక, సదానందం గారు పొద్దెక్కేదాకా నిశ్చింతగా నిద్రించి, వినోద గారితో కలిసి సముద్రపు గాలిలో నిండు నూరేళ్లు ఆరోగ్యంగా తిరుగుదురు గాక. వారు తుడిచి అందించిన సీటు మీద కూర్చోబోయే మాకు, వారి పాటి ఓర్పు అబ్బు గాక.