పిల్ల స్నానానికి పట్టిన నీళ్లు

సికింద్రాబాద్ ఆసుపత్రిలో, తొమ్మిది రోజుల పసికందును ఎత్తుకొని అత్త కోడలి మంచం పక్కన నిలబడింది.

"పట్టుకో బిడ్డా. పిల్లకు ప్లేట్‌లెట్లు పెరిగినయట, పాలియ్యమన్నది డాక్టరమ్మ."

"భయమైతుంది అత్తమ్మా. నా డెంగీ జొరమే కడుపుల ఉన్న పిల్లకు అంటింది గదా."

"నువ్వేం జేసినవ్? కుట్టింది దోమ."

"కుట్టింది నన్నే గదా!"

"ఆ దోమ యాడ పుట్టిందో ఎరుకనా? మన నీళ్ల డ్రమ్ములనే. దోమల మందు కొట్టేటోళ్లు టార్చిలైటు ఏసి అండ్ల దోమ పురుగులు చూపిచ్చిన్రు. పిల్ల స్నానానికి నీళ్ల తక్లీఫ్ ఉండొద్దని నేనే కాన్పుకు ముందుగాల నింపిపెట్టిన. మూత సుత పెట్టలే."

కోడలు మంచం మీద లేచి కూర్చుంది.

"ఇప్పుడా డ్రమ్మేదీ?"

"ఒంపి బోర్లిచ్చిన. ఇగ ఏ పూట నీళ్లు ఆ పూటనే మోస్త."

"మీ నడుం పడిపోతది. మూత కొందాం అత్తమ్మా. పిల్లనిటియ్యండి, ఆకలైనట్టున్నది."