కదలని ఛాంపియన్

అమెరికాలోని టెనెసీలో, అడుగు ఎత్తుగా వేసే గుర్రాల నడక పోటీల్లో గెలిచిన గుర్రం ఎముకల గూడై, దెబ్బతిన్న గుర్రాల్ని చేరదీసే వెర్నా కొట్టంలోకి చేరి వారమైంది. పాత యజమాని ఇవాళ దాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు.

"నా గుర్రాన్ని నాకిచ్చెయ్, అమ్మాయ్. కాళ్లు బాగానే ఉన్నాయి. నొక్కి చూడు, కదిలితే ఒట్టు!"

"నిన్న పశువుల డాక్టరమ్మ కాలి పుండు మీదే నొక్కింది. కదల్లేదు."

"మరింకేం!"

"ఆవిడ ఏడ్చేసింది. పుళ్లున్నాయేమోనని పోటీల తనిఖీవాళ్లు నొక్కినప్పుడు కదలకూడదని, కదిలితే కర్రతో కొట్టి నేర్పారంటగా?"

"అందరూ చేసేదేగా! కాళ్లకి మంట మందు రాస్తేనే అడుగు ఎత్తుగా లేస్తుంది. మరి తనిఖీ దాటొద్దూ?"

అతను గుర్రం మెడ మీద చెయ్యేశాడు. అది రాయిలా నిలబడిపోయింది.

"చూశావా, నన్నింకా మర్చిపోలేదు!"

"మర్చిపోలేదండీ. అందుకే ఊపిరి కూడా బిగబట్టింది. చెయ్యి తీసి బయల్దేరండి."