మగోళ్ల బండి

టేకులపల్లిలో మెకానిక్ షెడ్డు ముందు, భర్త తన ఎర్ర స్పోర్ట్స్ కారును మురిపెంగా తుడుస్తున్నాడు. భార్య నడుం మీద చేతులేసుకుని చూస్తోంది.

"మంచిగున్న పవర్ స్టీరింగ్ ఎందుకు పీకించినవయ్యా?"

"రేసు కార్లకు మాన్యువలే ఉంటదే. రోడ్డు చేతికి తెలుస్తది. నీకేం సమజైతది?"

"మన రోడ్డుల గుంతలు తప్ప తెలిసేదేముంది?"

"నవ్వకు. ఇగ ఇది మగోళ్ల బండి. ఆగినకాడ తిప్పాలంటే రెక్కలు ఊడొస్తయి."

అప్పుడర్థమైంది ఆమెకు. పోయిన వారమే తను ఒక్కతే ఈ కారేసుకుని పెనుబల్లిలోని పుట్టింటికి పోయొచ్చింది.

"అంటే నేను తోలొద్దనా? నోటితో చెప్పే ధైర్యం లేక గిట్ల చేసినవా?"

అతను తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. ఆమె వదల్లేదు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఎండ తగులుతదని నువ్వు గట్టు మీద కూసుంటే, మీ నాయన పాత ట్రాక్టరేసి చేను దున్నేదెవరు? దానికేమన్నా పవర్ స్టీరింగ్ ఉందా?"

అతను నోరు తెరిచేలోపే ఆమె తాళంచెవి గుంజుకుని కారెక్కింది. ఉన్నచోటనే స్టీరింగ్‌ను కడదాకా తిప్పి, బండిని ఇంటివైపు మళ్లించి ఆపింది.

"చూస్తవేంది, పక్కన కూసో. రోడ్డు నీ నడుముకు తెలుస్తది."