బియ్యం బస్తాల రూమ్

గా ఫోటోల ఉన్నామె ఎవ్వలంటవా? లేవకు బిడ్డా, లేవకు, పండుకోనే అడుగు, నాకు మంచిగనే ఇనవడతది. నేను గీ గడప కాడ కూసొని ఉల్లిగడ్డలు కోసుకుంట చెప్త. లోపలికి రాను. ఆడోళ్లు పండుకునే రూమ్ల మొగోడు అడుగు పెట్టద్దని గామె పెట్టిన కట్టడే. గీ మెస్సుకు ఓనర్ను, పెద్దులు అంటే నేనే, నాకే లోపలికి పర్మిషన్ లేదు, సూడు నా గతి. ఆమె పేరు సామ్రాజ్యం. ఈడ, గీ గల్ఫ్‌ల, ఆసుపత్రిల నర్సమ్మ. మాది జగిత్యాల దిక్కు, ఆమెది నర్సాపురం దిక్కు. కులం కలువది, మతం కలువది, మాట సుత సగమే కలుస్తది. "అన్నయ్యా, ఈ పూట వంకాయేనాండి?" అంటే మా బిల్డింగు సైట్ పోరగాండ్లు ముసిముసి నవ్వెటోళ్లు. నవ్వనీ, గాళ్లకు జరమొస్తే సూది ఇచ్చేది ఆమెనే నాయె. పోయి పదేండ్లు దాటింది బిడ్డా. సర్వీసు అయినంక ఊరికి పోయింది, రెండేండ్లు గూడ నిలువలె. అందరికి సేవ జేసినామె, తనకు రోగమొస్తే ఎవ్వలికి చెప్పలె.

ఏం చెప్తున్న? ఆఁ, గామె ముచ్చట అంటే ఎలక్షన్ కాడికెల్లి చెప్పాలె. మన తెలుగు సంఘానికి గప్పుడు ఎలక్షన్లు ఎట్లుండెననుకున్నవ్, మా మండలం ఎలక్షన్లు దాని ముంగట ఏం పనికొస్తయి. జట్టుగ నిలవడితే ప్యానెల్ అనేటోళ్లు. మా ప్యానెల్‌ల ప్రెసిడెంటుకు మనోహరం సార్ నిలవడ్డడు, భీమవరం ఆయన, కంపెనీల పెద్ద అకౌంటెంటు, క్రైస్తవుల సహవాసానికి పెద్ద. నర్సులందరు ఆయన మాట ఇంటరు. సైటోళ్ల దిక్కుకెల్లి రఘుపతి, మా కరీంనగరోడే, సూపర్వైజరు. నిజ్వా టౌన్ల టీచర్ల దిక్కుకెల్లి సంధ్య మేడం. లేడీస్ సెక్రటరీకి సామ్రాజ్యమ్మ. ఇగ నేనంటవా? నా మెస్సుల తినేటోళ్లు నేను ఎటంటే అటే ఓటేస్తరని పేరు. నా మాటకు గాదు తియ్, మా ఇంటిది కనకవ్వ చాపల పులుసుకు. మీటింగులన్ని గీ మెస్సులనే, శుక్రారం పొద్దుగాల చర్చి అయినంక. మనోహరం సార్ తినేముంగట ప్రార్థన జేసెటోడు, పొడుగ్గ. మావోళ్లకు ఆకలి ఆగదాయె, ఒక బుక్క నోట్లె వెట్టుకోని కండ్లు మూసుకునెటోళ్లు. ఆమీన్ అనంగనే నములుడు షురూ.

సామ్రాజ్యమ్మకు పదవి పిచ్చి లేదు బిడ్డా. ఆమెకు కావాల్సింది ఒక్క రూమ్. సంఘం కిరాయికి తీసుకున్న విల్లా ఉండె గీ అల్ హైల్‌లనే, అండ్ల ఒక రూమ్. ఇండ్లల్ల పనిజేసే ఆడోళ్లు, దిక్కులేనోళ్లు, ఆసుపత్రిల డిశ్చార్జి అయితే ఏడికి పోవాలె? తెల్లారే డ్యూటీకి రమ్మంటరు. నాలుగొద్దులు నడుం వాల్చేటందుకు జాగ లేదు. "లేడీస్ సెక్రటరీనైతే ఆ రూమ్ తాళం నా చేతికొస్తుందన్నయ్యా, అంతే నాకు కావాల్సింది" అనేది. గంతే ఆశ.

ఎవ్వడు లేపిండో ఏమో, ముచ్చట లేపిండ్రు. సామ్రాజ్యమ్మ ఎవ్వలికో కడుపు తీయించిందని. ఇగ సూడు, సహవాసంల గుసగుస. మనోహరం సార్ చెడ్డోడు గాదు, నియ్యతి మనిషి, గందుకే ఆయనకు అది గొంతుల ముల్లయింది. గా శుక్రారం గీడనే, గా పెద్ద బల్ల కాడ, అందరి ముంగట అడిగిండు. "అమ్మా సామ్రాజ్యమ్మా, నేను మిమ్మల్ని దోషి అనట్లేదండీ. వచ్చే శుక్రవారం సహవాసంలో నిలబడి, అది పాపం, నేనలాంటి పనిలో చెయ్యి పెట్టలేదు అని ఒక్క మాట అనండి. అనకపోతే మావాళ్ల మద్దతు మన ప్యానెల్‌కి రాదండీ, నేనాపలేను." రఘుపతికి కోపమొచ్చె. "ఏంది సార్, గిది సంఘం ఎలక్షనా, చర్చి ఎలక్షనా? ఆడోళ్ల ముచ్చట బల్ల మీద ఎందుకు వెట్టిన్రు, పక్కకు జరుపున్రి!" సంధ్య మేడం లేచింది. "పక్కకు ఎందుకు జరపాలి? ఆడదాని ఒంటి మీద ఆడదానిదే మాట అని మన మేనిఫెస్టోలో పెడదాం. చూద్దాం ఎవరు కాదంటారో!" ఇగ ముగ్గురు మూడు దిక్కులు. వాయ్, ఏం లొల్లి బిడ్డా! ఒకలు రాజీనామా అంటరు, ఒకలు వేరే ప్యానెల్ పెడ్త అంటరు. పులుసు సల్లారవట్టె.

సామ్రాజ్యమ్మ తలకాయ వంచుకోని చాప ముల్లు తీసుకుంట కూసుంది. ఆఖరికి అన్నది, "సార్, నేను ప్రమాణమూ చెయ్యను, మేనిఫెస్టోలోకీ రాను. ఆ తల్లి కడుపు మీకు ఓటు కాదు, సంధ్య గారికి నినాదమూ కాదు." గట్ల మెల్లగనే అన్నది. "అయితే ఆవిడ ఎవరో చెప్పండి" అన్నడు సారు. చెప్ప అన్నది. నేను నోరు తెరువవోయిన. కండ్లతోనే వద్దన్నది నన్ను.

ఎవ్వలో నాకు ఎరుకనే గద బిడ్డా. మా కనకవ్వ. పెండ్లయిన ఎన్నేండ్లకో కడుపు నిలిచింది, మస్తు సంబురపడ్డం. ఐదో నెల్ల ఉమ్మనీరు పోయింది, జరం అందుకుంది. డాక్టర్లు నాతోని చెప్పిండ్రు, బిడ్డ దక్కది, ఇంక ఆగితే తల్లి గూడ దక్కదని. నేను ఏం చెప్పాలె? కనకవ్వ నాకు కావాలె అన్న. డాక్టర్లే జేసిండ్రు. సామ్రాజ్యమ్మ గా వార్డుల డ్యూటీల ఉండె. గా పిడికెడంత బిడ్డను కడిగి, తన తెల్ల చున్నీల సుట్టి, కనకవ్వ చేతులల్ల వెట్టింది. "వదినా, ఒక్కసారి ఎత్తుకో, లేకపోతే జన్మంతా చేతులు ఖాళీగా ఉంటాయి" అన్నది. ఆమె ఏడ్చుకుంట తన దేవునికి మొక్కింది, కనకవ్వ ఏడ్చుకుంట మా ఎల్లమ్మకు మొక్కింది. నాకు గప్పుడు ఏడుపు రాలె. ఇప్పుడొస్తది, గీ ఉల్లిగడ్డలు ఒక సాకు. ఊర్లె తెలిస్తే నలుగురు నాలుగు మాటలంటరని ఎవ్వలికి చెప్పద్దన్నది కనకవ్వ. సామ్రాజ్యమ్మ చెప్ప అన్నది. చెప్పలె. పేరు పోతున్నా చెప్పలె.

ఆ బల్ల కాడ వడ్డిస్తున్నది ఎవ్వలనుకున్నవ్? మా కనకవ్వనే. చేతుల గంటె పట్టుకోని మనోహరం సార్ ముంగట నిలవడ్డది. "ఆ తల్లిని నేనే సారూ. ఏం అడుగుతరో నన్నడుగున్రి" అన్నది. ఇగ ఎవ్వలి చెయ్యి నోటి కాడికి పోతె ఒట్టు. ఆయన పదేండ్ల సంది ఆమె చేతి బువ్వనే తింటున్నడాయె. లేచి పోవోయిండు. కనకవ్వ ఊకుంటదా? "అన్నం మీద అలుగద్దు, తిని పో సారూ" అని ఇంకింత పులుసు వోసింది. కూసున్నడు. తిన్నడు. కండ్లల్ల నీళ్లు వెట్టుకోని తిన్నడు. సంధ్య మేడం, "అక్కని స్టేజి మీద మాట్లాడిద్దాం, గెలుస్తాం!" అన్నది. గప్పుడు లేచింది సామ్రాజ్యమ్మ. "నా పేరు తీసెయ్యండి. నేను నిలబడితే ఎలక్షనయ్యేదాకా మా వదిన మాటే నలుగుతుంది. నాకొద్దు." తీసేసిండ్రు. ప్యానెల్ ఓడిపోయింది, అది వేరే ముచ్చట. ఆమె గేటు కాడికి పోయి, మొకం అటు దిప్పుకోని ఏడ్చింది బిడ్డా. పదవికి గాదు. రూమ్ పాయె గద.

మా ఇంటిది సూసింది. తెల్లారి నేను లేచేసరికి గీ రూమ్లకెల్లి బియ్యం బస్తాలు బయటికి గుంజుతున్నది. ఇది బియ్యం బస్తాల రూమ్ ఉండె గప్పుడు. "బస్తాలు ఎండల ఉంటే పురుగు వడ్తదే" అంటే, "పురుగు వడ్తే ఏరుత, నువ్వు ఆ కొస పట్టు" అన్నది. కడిగింది, సున్నమేసింది, తాళం తీస్కపోయి సామ్రాజ్యమ్మ చేతుల వెట్టింది. ఇద్దరు పట్టుకోని ఏడుసుడే. నేను బస్తాల మీద కూసున్న, ఇంకేం జేస్త.

ఏంది, మంచమా? నువ్వు పండుకున్న మంచం మనోహరం సార్ తెచ్చిందే. ఏడాది అయినంక ఒకనాడు కార్ల ఒక ఆమెను తీసుకచ్చిండు, గంగులమ్మ అని. నడువస్తలేదు ఆమెకు. "పెద్దులూ, నా నమ్మకం నాదే, అది మారదు. కానీ ఈవిణ్ణి ఏమీ అడక్కు" అన్నడు. నేనేడ అడుగుత సారూ అన్న. ఎనుకనుంచి మంచం పంపిండు. సామ్రాజ్యమ్మ పోయిన్నాడు గీ ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చింది సుత ఆయనే. గీ గడప కాడనే నిలవడి కనకవ్వను మొల కొట్టమన్నడు, లోపలికి రాలె. ఆమె కట్టడి ఆయనకు ఎరుకనే.

ఏందిరా? ఎందుకు ఏడుస్తవ్ రజితా? వద్దు బిడ్డా, చెప్పకు. నువ్వేడికెల్లి అచ్చినవో, ఏం గోస పడ్డవో నేనడుగ, నువ్వు చెప్పేది లేదు. గీ రూమ్ల గదే పద్ధతి. ఓ కనకవ్వా, గంజి తేవే, పిల్ల లేచి కూసుంది.