మా సందులోకి మళ్ళించిన బస్సు

అది కాదు సార్, ముందు నా గోడు వినండి. బస్సు వెళ్ళినప్పుడల్లా నా కుట్టుమిషన్ దానంతటదే రెండంగుళాలు జరుగుతోంది. నిన్న ఒకాయన చొక్కాకి కాజాలన్నీ వంకరపోయాయి. బస్సు డిపో ఆఫీసరు గారు స్వయంగా ఇంటికొచ్చారు కదా, ఇది కూడా రాసుకోండి.

కూర్చోండి. ఆ కుర్చీలో కాదు, దాని మీద సూదులున్నాయి.

ఉత్సవమని మూడు రోజులు పెద్ద రోడ్డు మూసేసి బస్సుల్ని మా సందులోంచి తిప్పారు. సరే. ఉత్సవమన్నాక ఊరు ఊరులా ఉంటుందా? నడిరోడ్డు మీద బల్లలేసుకొని జనం భోజనాలు చేశారు. ఎప్పుడూ నవ్వని బ్యాంకు మేనేజరు నేను కుట్టిచ్చిన రెక్కలు తగిలించుకొని ట్రాఫిక్ లైటు కింద గెంతాడు. అంతకు ముందు వారమంతా ఆ వేషాలు కుట్టే హడావిడిలో నాకు గంటంటే పావుగంటే. ఆ మూడు రోజులు మాత్రం ఒక్కో పూట ఎంతకీ తరగలేదు. బాగానే ఉంది. కానీ ఆదివారంతో అయిపోయింది కదా? ఇవాళ గురువారం. పెద్ద రోడ్డు మీద కుక్కలు హాయిగా పడుకున్నాయి, మీ బస్సులేమో ఇంకా మా సందు గోడల్ని రాచుకుంటూ పోతున్నాయి.

ఏంటీ, మలుపులో దారి మళ్ళింపు బోర్డుందనా? ఉంటే? ఓహో, బోర్డు తీసేదాకా డ్రైవరు బాణం ఎటుంటే అటే తిప్పాలి, అంతేగా. తెలుసు సార్. మా అన్నయ్య మీ దగ్గరే డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రూలు నాకు బాగా తెలుసు.

కాస్త మెల్లగా మాట్లాడండి. పక్క గదిలో మా అత్తగారుంది. తుంటి విరిగి రెండేళ్ళుగా మంచం మీదే. కిటికీకి ఎదురుగా గోడౌను గోడ. పొద్దున్నా అదే గోడ, సాయంత్రమూ అదే గోడ. ఇవాళ ఏ వారమని అడగడం కూడా మానేసింది.

మా ఇల్లు నాలుగు మెట్లెత్తు కదా, బస్సు కిటికీ మా కిటికీకి సరిగ్గా ఎదురొస్తుంది. ఉత్సవం మొదటి రోజు ముసుగేసుకున్న పిల్ల ఒకతె బస్సులోంచి ఆవిడకి కాగితం టోపీ అందించింది. అంతే, ఆ రోజు నుంచీ ‘తొమ్మిదింపావు బస్సొచ్చేస్తోంది, తల దువ్వవే’ అని నా ప్రాణం తోడేస్తోంది. పన్నెండింటి బస్సు కండక్టరు చెయ్యూపితేగాని ముద్ద ముట్టదు. ఇరవై ఏళ్ళు నన్ను కాల్చుకు తిన్న మనిషి, నిన్న ‘నువ్వూ చూడవే’ అంటూ మంచం మీద పక్కన చోటిచ్చింది. నాకు ఏడుపొచ్చింది సార్, దాచడం దేనికి?

మీరలా చూడకండి, చెప్తున్నాగా. ఆదివారం సాయంత్రం మీవాళ్ళు బోర్డు తీసి గోడకానించి వెళ్ళారు, లారీ వచ్చాక ఎక్కిద్దామని. సోమవారం పొద్దున్నే పాలకెళ్తూ దాన్ని మళ్ళీ మలుపులో నిలబెట్టింది నేనే. బాణం మా సందు వైపు తిప్పిందీ నేనే. నడుం పట్టేసింది కూడా.

జరిమానానో, కేసో, ఏం రాసుకుంటారో రాసుకోండి. బోర్డూ తీసుకుపోండి, అడ్డుపడను. కాకపోతే పోయేముందు ఆ గదిలోకెళ్ళి, ఉత్సవం అయిపోయిందని ఆవిడకి మీరే చెప్పండి. నావల్ల కాదు.